పలాస జీడిపప్పు

టాటానగర్ సాక్చీ బజారులో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఫోను కొట్టేసి దొరికిపోయి మూడు నెలలైంది. తమ్ముడు పదో రోజుకే ఇంటికొచ్చేశాడు. అక్క ఇంకా ఆడపిల్లల హోమ్‌లోనే ఉంది. ఇవాళ ములాఖత్‌కి వచ్చిన నానమ్మ, మనవరాలి ముందు బల్ల మీద ఒక ప్యాకెట్ పెట్టింది.

"జీడిపప్పెందుకు నానమ్మా? నాన్న సంతకం పెడతాడా లేదా, అది చెప్పు."

"పెడతానన్నాడే తల్లీ. ఆదివారం తీసుకెళ్తాం. కానీ సరాసరి ఇంటికి కాదు. టాటానగర్ టేసన్‌కెళ్ళి, బండి వచ్చే వేళ దాకా కూకుని, అక్కడ్నుంచి ఆటోలో ఎళ్ళాల."

"క్యోం?"

"నువ్వు పలాసలో మీ అత్త కాడున్నావని మన మాంగో బస్తీలో అందరికీ చెప్పీసినాం. పలాస నుంచొచ్చినోళ్ళు ఉత్తి చేతుల్తో వత్తారేటి? అందుకే సాక్చీలో కొన్నాను. ఇంటింటికీ గుప్పెడు పంచితే ఇంకెవరూ ఏటీ అడగరు."

"ఫోను తీసింది వాడు. నేను సంచిలో పెట్టానంతే."

"తెలుసే."

"వాడెక్కణ్ణుంచి వచ్చాడని చెప్పారు?"

"ఆడి సంగతి అందరికీ తెలుసు. కుర్రతనం అనుకుని ఊరుకున్నారు. మీ నాన్న స్కూటర్ మీద ఎక్కించుకుని తెచ్చీసినాడు."

"వాడొచ్చినప్పుడు ఏటి పంచారు?"

నానమ్మ కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "ఏటీ పంచలేదే."

మనవరాలు ప్యాకెట్ దగ్గరికి లాక్కుంది. దాని మీదున్న సాక్చీ దుకాణం చీటీని గోటితో నెమ్మదిగా గీకి ఊడదీసింది.

"బండి ఎన్నింటికొత్తాది నానమ్మా?"