రిపోర్టులో రెండో పేజీ

సభకి అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకి, ముప్పై ఏళ్లుగా నా లైబ్రరీలో ఫ్యాన్ కింద కుర్చీ కోసం పోట్లాడుకున్న లెక్చరర్ మిత్రులకి, పిల్లలకి, మూడో వరసలో కూర్చుని అప్పుడే వాచీ చూసుకుంటున్న మావారికి నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్నానని ఇందాక ప్రిన్సిపాల్ గారు నన్ను ఆకాశానికెత్తేశారు. ఎత్తి, దింపేటప్పుడు మాత్రం, "ఇప్పుడు సాహిత్య విమర్శంతా ఆన్‌లైన్ డేటాబేస్‌లోనే దొరుకుతోంది, ఎవరిది వాళ్లే వెతుక్కుంటున్నారు, కాబట్టి మేడమ్ గారి పోస్టులో ఇంకెవర్నీ వెయ్యడం లేదు" అని అసలు కబురు మెల్లగా బయటపెట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లని గుర్తుపెట్టుకున్నాను. (నవ్వులు)

డేటాబేస్ గొప్పదే, కాదనను. మూడేళ్లు వెంటపడి తెప్పించింది నేనే. అది వచ్చిన మొదటిరోజు మన సాహిత్య శాఖాధిపతి గారు వెతికే గడిలో ఏం టైపు చేశారో తెలుసా? "అయ్యా, ఫలానా నవల మీద వచ్చిన విమర్శ వ్యాసాలు దయచేసి ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు." కింద పేరు, హోదా కూడాను. ఫలితాలు సున్నా. "మర్యాద తెలీని యంత్రమమ్మా!" అంటూ నా దగ్గరికొచ్చారు. సార్, మీరూ నవ్వచ్చు, పరవాలేదు. తర్వాత మీరు చక్కగా నేర్చుకున్నారు, నన్ను పిలవడం.

ఇంకో మేడమ్, ఎవరో చెప్పను, అటూ ఇటూ చూడకండి, ఒక వ్యాసం పైన ఉండే నాలుగు లైన్ల సారాంశం మాత్రం చదివి, ఆ విమర్శకుడు నవలని తెగ మెచ్చుకున్నాడని పేపరు రాసేశారు. నేను పూర్తి వ్యాసం తెరిచి చూస్తే, మొదటి పేరాలో మెచ్చుకుని తక్కిన పదకొండు పేజీల్లో ఏకిపారేశాడు. అచ్చుకి వెళ్లకుండా ఆపాను. ఆ పుణ్యానికి నెల్లాళ్లు నాతో మాట్లాడలేదావిడ.

ఇక ఆ రిపోర్టు. ఎవరిది వాళ్లే వెతుక్కుంటున్నారనడానికి సాక్ష్యంగా, నిరుడు డేటాబేస్‌లో రెండువేల నాలుగొందల సార్లు వెతికారని ప్రిన్సిపాల్ గారు కాలేజీ కమిటీకి చూపించారు. ఆ రిపోర్టు తీసిచ్చింది నేనే. ఆయన రెండో పేజీ తిప్పలేదు. ఎవరి లాగిన్‌తో ఎన్నిసార్లో అందులో ఉంటుంది. రెండువేల మూడొందలు నా లాగిన్‌వే. పక్కన స్టూలు మీద ఎవరో ఒకరు కూర్చుని, "ఏదో కావాలి మేడమ్, ఏంటో తెలీట్లేదు" అంటుంటే, వాళ్లకి కావలసిందేంటో కూపీ లాగి నేను వెతికినవి. అంటే నేను అక్కర్లేదని చూపించిన ఆ అంకె, నేను చేసిన పనే. కోపం లేదని అబద్ధమాడను. ఉంది, చాలా ఉంది. నాదేముంది, ఇంటికెళ్లి పడుకుంటాను. ఆ స్టూలు మీద కూర్చునే పిల్ల రేపెవర్ని అడుగుతుంది?

ఏంటండీ గుమస్తాగారూ, చీటీనా? ఆహా, ప్రిన్సిపాల్ గారి దస్తూరీ. "రేపొక్కసారి వచ్చి నా సెమినార్ పేపరుకి నాలుగు వ్యాసాలు తీసిపెట్టండి." (నవ్వులు, చప్పట్లు)

రాను సార్. నా కుర్చీలో ఒక మనిషిని వెయ్యండి. వేసిననాడు పొద్దున్నే వస్తాను, నాకు తెలిసిందంతా దగ్గరుండి నేర్పిస్తాను. పిల్లలందరి ముందూ అడుగుతున్నాను, వేస్తారా?

"చూద్దాం" అంటున్నారు. మంచిది, మీరు చూసేదాకా నేనూ చూస్తూ ఉంటాను. ఇన్నేళ్లు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.