సామ్యూల్ సార్ గుంజలు

సభకు అధ్యక్షత వహిస్తున్న తహసీల్దారు ఉమారాణి మేడం గారికి, మైకు నా చేతికి వస్తుందని తెలిసి కూడా ముందు వరుసలో ధైర్యంగా కూర్చున్న పెద్దలకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మన మండల సర్వేయర్ సామ్యూల్ సారుకు, పక్కనే ఉన్న ఆయన భార్య విజయమ్మ ఆంటీకి నమస్కారం, సలాం. ఈ షాజియాను రెండే నిమిషాలు మాట్లాడమన్నారు. సమోసాలు ఇంకా రాలేదు కాబట్టి నాలుగు తీసుకుంటాను. (నవ్వులు)

సార్ గీసిన గీత వంకర పోదని ఇప్పటిదాకా అందరూ పొగిడారు. నిజమే కానీ, ఈ ఎండాకాలం ఆయన గీత కొంగలగడ్డ మీదికి వచ్చినప్పుడు మాకెవరికీ దండ వేయాలనిపించలేదు. కొత్తవారి కోసం చెప్తాను. కొంగలగడ్డ ఏటి నడుమ ఉన్న సర్కారు భూమి. ఎండాకాలం అక్కడ మా పిన్ని నజ్మా ఖాలా దోస పెడుతుంది, జములమ్మక్క కాకర పందిళ్లు వేస్తుంది, ఎవరి బర్రెలైనా మేస్తాయి. దాని మీద ఒక కంపెనీ రిసార్టు కడుతుందట, అద్దాల గదులు, ఈతకొలను. చుట్టూ ఏరు పెట్టుకుని ఈతకొలను ఎందుకో నా డిగ్రీకి అందలేదు. వాళ్ల మ్యాపులో ఖాలా దోసతోట ఉన్నచోట సూర్యాస్తమయం చూసే వేదిక ఉంది. ఖాలా రోజూ అక్కడే కూర్చుని చూస్తుంది, టికెట్ లేకుండా.

సార్ వచ్చి గడ్డంతా కొలిచి ఎర్రగుడ్డలు కట్టిన గుంజలు పాతి వెళ్లారు. మా దగ్గర ఒక పద్ధతుంది. ఏరు లేచేముందు గడ్డ మీద ఉన్న ప్రతి గుంజా పీకి, పుట్టి పడవలో వేసి, ఒడ్డుకు చేర్చాలి. ఎవరిదని చూడరు, ఒడ్డున ఎవరివి వాళ్లు ఏరుకుంటారు. ఈసారి అందరూ ఏరుకున్నాక ఎర్రగుడ్డలవి మిగిలాయి. జములమ్మక్క వాటిని మోపు కట్టి, ఆటోలో తెచ్చి, సార్ బల్ల ముందు దించింది. "సారూ, నీ గుంజలు మర్చిపోయినవ్. ఏట్ల కొట్టుకపోతుండె, జర చూసుకో" అంది. ఎండలో పడి కొలిచిన కొలతంతా మోపై ఎదురుగా ఉంది. సార్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. మోపు అక్కడే ఉంది. (నవ్వులు)

తర్వాత గ్రామసభలో కంపెనీ మనిషి లేచి ఇది దొంగతనం, కేసు పెడతామన్నాడు. అప్పుడెవరూ నవ్వలేదు. "కేసైతే నన్ను మల్ల గడ్డ మీదికి రానియ్యరా?" అని జములమ్మక్క నా చెవిలో అడిగింది. అంతలో సార్ లేచారు.

"పాతింది నేను. నా గుంజలు నాకు తెచ్చిచ్చిన్రు. దీంట్ల దొంగతనం ఏడుంది? ఏరు లేస్తే ఆ గడ్డ మీద గుంజ నిల్వదు, గదులెట్ల నిలుస్తయో జర నాకు చెప్పున్రి."

పింఛను కాగితాలు ఇంకా పై ఆఫీసులో ఉన్న మనిషి ఆ మాట అనడమంటే ఏమిటో, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం కాచుకుని ప్రతి ఆఫీసు గడప దగ్గర గొంతు తగ్గించుకునే నాలాంటిదానికి తెలుసు. ఆ రోజు చెప్పలేదు సార్. ఇవాళ చెప్తున్నాను. షుక్రియా.

కేసు పోయింది, రిసార్టు పోలేదు. గడ్డను కంపెనీకి ఇవ్వాలా వద్దా తేల్చడానికి సోమవారం మళ్లీ గ్రామసభ. ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చున్న సార్ ఆ రోజు చాప మీద మా పక్కన కూర్చోవాలని అడుగుతున్నాను. ఆంటీ, పంపిస్తారు కదా? ఆంటీ తల ఊపడం సభంతా చూసింది. (చప్పట్లు)

శాలువాలు చాలానే కప్పారు కాబట్టి మేం కప్పడం లేదు. మేడం గారిని అడిగి ఆ మోపులోంచి ఒక గుంజ తెచ్చాం, ఎర్రగుడ్డతో సహా. చేతికర్రగా ఉంచుకోండి సార్.

రేపటి నుంచి సార్ కుర్చీలోకి వచ్చే రవి గారూ, మీకు స్వాగతం. పాతమంటే మీరూ పాతండి, అది మీ ఉద్యోగం. ఏరు లేచేలోపు మీ గుంజలు మీకు తెచ్చిస్తాం, ఆటో ఖర్చు మాదే. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సమోసాలు వచ్చినట్టున్నాయి, నాకిక సెలవు.