పులిసిన ట్యాంకు

కబేళా వెనక, పశువుల వ్యర్థాలతో వంటగ్యాస్ తయారుచేసే ట్యాంకు ఉంది. ఆ గ్యాస్ పొయ్యి మీదే కూలీలకు వండిపెట్టే వదిన దాని గోడకు చెవి ఆనించి వింటోంది. మేస్త్రీగా ఉన్న మరిది పక్కన నిలబడ్డాడు.

"బుడగల చప్పుడే లేదు. ఏం పోయించావయ్యా?"

"పేగులు, రక్తం, కొవ్వు, అన్నీ ఒక్కసారే పోయించా వదినా. ఎంత పోస్తే అంత గ్యాస్ అనుకున్నా."

"పసిపిల్లకి పదిరోజుల పాలు ఒక్కపూటే పడతారా? కొవ్వు పులిసింది. గ్యాస్ పుట్టించే పురుగులు చచ్చుంటాయి."

"ట్యాంకు చూసుకునేటప్పుడు అన్న కూడా ఇదే మొత్తుకున్నాడు. పనికి అడ్డమొస్తున్నాడని గేటు కాపలాకి మార్చేశా."

"గేటు దగ్గర్నించే వాసన పట్టి, పులుస్తోందని నీకు చెప్పాడట కదా."

"చెప్పాడు. నీ పని నువ్వు చూసుకోమన్నా. ఆయన బతికుండగానే నేను వెళ్లి అడగాల్సింది. నెలలో మంట రాకపోతే యజమానులు ట్యాంకు మూసేసి, రక్తమంతా మళ్లీ కాలవలోకే వదుల్తారట."

"మా గుమ్మం ముందు కాలవేగా అది! పదిరోజులు దీన్ని పస్తు పెట్టు. రోజూ కాస్త పేడనీళ్లు మాత్రం పోస్తుండు. తర్వాత పూటకో బకెట్టు. మీ అన్న అలాగే బాగుచేసేవాడు."

"మంటొస్తే మొదట నీకే చెప్తా."

"నిజంగా వస్తేనే చెప్పు. పోయేరోజు ఆయన, మంట నీలంగా వస్తోందా అని అడిగాడు. నా పొయ్యి ఆరి అప్పటికే వారం. వస్తోందనే చెప్పా."

"నమ్మాడా?"

"'అయితే తమ్ముడు నేర్చుకున్నాడే' అని నవ్వాడు."