భారీ ఊరేగింపు

సిద్దిపేట బస్టాండు పక్కన చాయ్ హోటల్లో కూర్చుని, విలేకరి హైదరాబాదు బస్సుకు ఇవ్వాల్సిన వార్తల కవరు అంటించబోతున్నాడు. బ్యాండు మేళంలో డోలు కొట్టే ముసలాయన భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

“మా ఆయన మొన్న సచ్చిపోయిండు బిడ్డా. పేపర్ల రాయి.”

“రాస్త పెద్దమ్మా. పేరు జెప్పు, రెండు ముక్కలు రాస్త.”

“భారీ ఊరేగింపుతోటి సాగనంపిన్రని రాయి.”

కవరు పక్కన పెట్టి రాయబోయినవాడు కలం ఆపాడు.

“ఎంతమంది వచ్చిన్రు?”

“నలుగురు మోసిన్రు. ఎనుక నేను.”

“గట్లయితే భారీ అని ఎట్ల రాస్త?”

“పోయిన నెల లీడరొచ్చిననాడు నలభై మంది గూడ లేరట. నువ్వు భారీ ఊరేగింపనే రాసినవట. ముంగట డోలు కొట్టిన మా ఆయనే జెప్పి నవ్విండు.”

ఆ వార్త అతనికి గుర్తుంది. జనాన్ని లెక్కపెట్టకుండానే ఆ మాట రాయడం ఏనాడో అలవాటైపోయింది. అది లేకుంటే ఆఫీసులో వార్తే వేసుకోరు.

“రాసినా ఎవలకు చూపిస్తవు పెద్దమ్మా?”

“చూపెట్టనీకి నాకెవలున్నరు?”

“మరెందుకు?”

“నాకు చదువు రాదు. రేపు పేపరొచ్చినంక నువ్వే జర చదివి ఇనిపియ్యి. ఆ దినం నేను పాడెనే సూస్కుంట నడిచిన బిడ్డా, ఒక్కపారి గూడ ఎనుకకు మర్రి సూడలే. నువ్వు చదువుతుంటే, నా ఎనుక ఎవలన్న వచ్చిన్రేమో అనుకుంట.”