సోషల్ తప్పిన డ్రైవరు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్తున్న ఆటోలో ఉన్నది ఇద్దరే. భర్త నడుపుతున్నాడు. భార్య గ్రూప్-2 గైడు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. ఆమెను కోచింగ్ సెంటర్లో దించేలోపు ప్రశ్నలడగడం అతనికి రోజూ అలవాటు.

“ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది? తప్పు చెప్పావో, చిల్లకల్లులో దింపేస్తా.”

“యాభై మూడు, అక్టోబర్ ఒకటి. రాజధాని కర్నూలు. అడక్కుండానే రెండోదీ చెప్పా, చూశారా?”

“అబ్బో! మరి హైకోర్టు?”

“అదీ కర్నూలే.”

“అయిపోయింది. బ్యాగు సర్దుకో, చిల్లకల్లు వస్తోంది. హైకోర్టు గుంటూరులో పెట్టారు.”

“ఉండండి, చూస్తా... నిజమే, గుంటూరే. అవునూ, గైడు నా దగ్గరుంటే మీకెలా తెలిసింది?”

“ఎనిమిది నెలల్నుంచి వెనక కూర్చుని గట్టిగా చదువుతున్నావుగా. చెవులు మూసుకుని నడపమంటావా?”

“పదో తరగతిలో మీరు తప్పింది సోషలేగా?”

“ఇప్పుడవన్నీ ఎందుకులే.”

“చెప్పండి.”

“అదొక్కటే. మూడు మార్కుల్లో పోయింది.”

“మళ్లీ రాయలేదేం?”

“రాద్దామనే అనుకున్నా. ఈలోపు మా నాన్న మంచాన పడ్డాడు, ఆటో తాళాలు నా చేతికొచ్చాయి.”

“ప్రైవేటుగా ఫీజు కట్టి ఆ ఒక్కటీ రాసేయండి. రేపట్నుంచి ప్రశ్నలు నేనడుగుతా. తప్పు చెప్పారో, చిల్లకల్లులో మిమ్మల్నే దింపేస్తా.”

“నన్ను దింపేస్తే ఆటో ఎవరు నడుపుతారే?”

“అందుకే తప్పు చెప్పకండి.”