ఆరు ‘ఏవండీ’లు

ఫోన్ల సర్వీస్ సెంటర్, నాలుగో కౌంటరు. అద్దానికి అవతల జీతానికి ఓపిక అమ్ముకునే ఒక అమ్మాయి. ఇవతల బస్సు కండక్టరుగారు, ఆయన పక్కన ఆయన భార్య. ఆవిడ మెడకు రుమాలు, ఒళ్లో చిన్న పలక, వేళ్ల మధ్య సుద్దముక్క. ముగ్గురిలో గొంతున్నది ఇద్దరికే.

“అది కాదమ్మా, నాకు పెద్దది వద్దు. ఇంతకన్నా మంచిదీ వద్దు. నాకు ఇదే కావాలి.”

“ఇదే లేదు సార్. ఈ మోడల్ చెయ్యడం ఆపేసి ఎనిమిది నెలలైంది. దీనికి బదులు కంపెనీ ఇచ్చేది ఇది. మీరేం కట్టక్కర్లేదు. స్క్రీన్ పెద్దది, బ్యాటరీ రెండ్రోజులొస్తుంది, కెమెరాలు మూడు...”

“మూడు కెమెరాలు నేనేం చేసుకోను? నాకున్నవి రెండు కళ్లు.”

“నిన్న కూడా ఇదే అన్నారు సార్.”

“నిన్నా అన్నాను, మొన్నా అన్నాను. రేపూ వచ్చి అంటాను.”

“రేపు లేదు సార్. గడువు ఇవాళే. సాయంత్రం ఆరు లోపు మీరు సంతకం పెట్టకపోతే సిస్టమ్ తనంతట తనే కేసు మూసేస్తుంది. తర్వాత నేను మొత్తుకున్నా తెరుచుకోదు.”

“సరే. అయితే కొత్తది తీసుకుంటాను. పాతది కూడా నాకిచ్చెయ్.”

“పాతది కంపెనీకి పోవాలి సార్. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడం. అది రూలు.”

“పోయి? అక్కడేం చేస్తారు దాన్ని?”

“నలిపేస్తారు సార్.”

“నలిపేస్తారట! విన్నావా, ఎంత తేలిగ్గా అనేసిందో.”

“నేను కాదు సార్ నలిపేది. నా మీద కేకలేస్తే ఏం లాభం? మీరు ఫారంలో ‘లోపల ముఖ్యమైన మాటలున్నాయి’ అని రాశారు. ఏం మాటలు? ఎవరివైనా నంబర్లా?”

“నంబర్లు కాదమ్మా. మాటలే. మా ఆవిడ మాటలు. రెండొందల పన్నెండు.”

“అంటే?”

“ఆవిడ మెడకి రుమాలు చూశావుగా. పదకొండు నెలల కిందట ఆపరేషన్ అయింది. బతకాలంటే మాట పలికే పెట్టె తీసెయ్యాల్సిందే అన్నారు డాక్టర్లు. ఇరవై రోజులు టైమిచ్చారు. ఆ ఇరవై రోజుల్లో ఈ ఫోన్ కొన్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా ఆవిడ గొంతుతో ఎక్కించాను. ఒక్కో మాటకీ ఒక్కో బొమ్మ. గ్లాసు బొమ్మ నొక్కితే ‘నీళ్లు’ అంటుంది. మంచం బొమ్మ నొక్కితే ‘కాసేపు పడుకుంటాను’ అంటుంది. ఆవిడే అంటుంది. ఆవిడ గొంతే.”

“అయ్యో. సారీ అమ్మా. నేను ఇన్ని రోజులూ మీకు జలుబు చేసిందేమో అనుకున్నాను.”

“ఏదో రాస్తోంది, ఉండు. ‘నయం, పొగరు అనుకోలేదు’ అంటోంది.”

“కాపీ ఎక్కడా లేదా సార్? ఈ ఫోన్లు వాటంతట అవే ఆన్‌లైన్‌లో ఒకటి దాచి పెడతాయి కదా.”

“ఆపించేశాను.”

“ఆపించారా! ఎందుకు?”

“ఎందుకంటే... ఉందిలే. ఒకసారి కాలిన చెయ్యి.”

“చెప్పండి సార్. పైవాళ్లకి రాయడానికైనా పనికొస్తుంది.”

“బస్టాండులో మైకు వినుంటావు కదా. ‘మూడో ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్న బస్సు...’ అని. పంతొమ్మిదేళ్లు ఆ మైకు ముందు కూర్చున్నది ఈవిడే. జలుబైనా జ్వరమైనా. మా బస్సు లోపలికొచ్చేసరికి ఆవిడ గొంతు ఎదురొచ్చేది. నా బస్సు లేటైతే లేటని ఊరందరికీ చెప్పేది, మొగుడన్న మొహమాటం కూడా లేకుండా.”

“తర్వాత?”

“తర్వాత ఒకరోజు పై ఆఫీసరు పిలిచాడు. మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి ఊళ్ల పేర్లన్నీ చదివించారు. అంకెలు చదివించారు. ‘బయలుదేరును’, ‘ఆలస్యముగా వచ్చును’, ‘రద్దు చేయబడినది’, అన్నీ. నా గొంతు అంత బాగుందట అని ఈవిడ పొంగిపోయింది. ఫొటో కూడా తీశారు. నెల తిరక్కుండా, ‘మీరిక రానక్కర్లేదు, మిషన్ ఉంది’ అన్నారు. ఏరు దాటి తెప్ప తగలేశారు. ఇంకేముంది, మిషన్‌లో ఈవిడే మాట్లాడుతుంది, ఈవిడేమో ఇంట్లో కూర్చుంటుంది. ఒకసారి ఇద్దరం పెళ్లికని బస్టాండుకెళ్లాం. బస్సు గంట లేటని ఈవిడకి ఈవిడే చెప్పుకుంది. బెంచీ మీద కూర్చుని విన్నది. ఆ గంటా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.”

“అందుకని కాపీ...”

“అందుకని ఒట్టేసుకున్నాను. ఈసారి ఈవిడ గొంతు ఇంకొకడి చేతికి పోకూడదు. ఒక్క ఫోన్లోనే ఉండాలి, ఆ ఫోన్ నా కళ్ల ముందుండాలి. తెలివైన పని చేశాననుకున్నాను. చూశావుగా నా తెలివి.”

“పోనీ సార్, బస్టాండు మిషన్‌లో ఉంది కదా ఆవిడ గొంతు? వాళ్లనడిగితే?”

“అడగలేదనుకున్నావా? పోయిన ఏడే మిషన్ మార్చారు. ఎవరో కొత్తావిడ. పాతది ఏం చేశారయ్యా అంటే, చోటు చాలక తుడిచేశాం అన్నారు. వాళ్లకి చోటు చాలలేదట.”

“మా ల్యాబ్ వాళ్లు కూడా రెండుసార్లు చూశారు సార్. తప్పు మీది కాదు, బోర్డే లోపల్నించి పోయింది. లోపలివి చదవడం కుదరలేదని రాశారు.”

“బజారులో ఒక మెకానిక్ ఉన్నాడు. వాడు మొత్తం విప్పి చూస్తానన్నాడు. నూటికి పది పాళ్లు రావచ్చన్నాడు.”

“విప్పితే మేం తీసుకోం సార్. అతని వల్ల కాలేదనుకోండి, మాటలూ రావు, కొత్త ఫోనూ రాదు. అమ్మగారికి పలకే మిగులుతుంది.”

“అదేగా నా బాధ! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక...”

“సార్?”

“ఛ. ఏం లేదు. నోరు జారింది. నిన్ను కాదే. ఫోన్‌ని అన్నాను.”

“నవ్వుతున్నారు సార్ ఆవిడ.”

“నవ్వుతుంది. చప్పుడుండదు, అంతే.”

“ఒక్కసారి ఇది వినండి సార్. ఈ కొత్తదాంట్లో మీరు మాట రాస్తే అదే పైకి చదువుతుంది. బొమ్మలక్కర్లేదు, రెండొందల పన్నెండే అని లెక్కా లేదు. ఏం కావాలంటే అది మాట్లాడొచ్చు. నేను రాస్తాను, వినండి.”

“నమస్కారం. నాకు కొంచెం మంచినీళ్లు కావాలి.”

“ఆపమ్మా! ఆపు, ఆపు. ఎవరో పరాయి ఆడమనిషి మా ఇంటికొచ్చి నీళ్లడుగుతున్నట్టుంది.”

“అలవాటవుతుంది సార్.”

“అలవాటైపోతుందనే భయం.”

“అమ్మా, మీరేమంటారు? ఈ గొంతు... రాస్తున్నారు. సార్, ఏమంటున్నారు?”

“ఆఁ... ‘ఇంకోసారి నిదానంగా ఆలోచిద్దాం’ అంటోంది.”

“ఆవిడ రాసింది రెండు మాటలేమో సార్? సుద్ద చప్పుడు నాకూ వినిపించింది.”

“ముప్ఫై ఏళ్ల కాపురమమ్మా. రెండు మాటల్లో చాలా ఉంటాయి.”

“ఇటు తిప్పండమ్మా, నేను చదువుకుంటాను.”

“ఎందుకులే! సరే, సరే. ‘పాతది వదిలెయ్యండి’ అని రాసింది. మూడు వారాలుగా ఇదే పాట. పొద్దున లేస్తే ఇదే. నేను ఎండలో పడి దీని కోసం తిరుగుతున్నానని జాలి. తన గొంతు పోయినా ఫర్వాలేదట, నా మోకాళ్లు ముఖ్యమట. అలాంటి మనిషి. అందుకే పైకి చదవను.”

“ఆవిడ అలా అని రాశారా? మోకాళ్లని?”

“రాయక్కర్లేదు. నాకు తెలుసు.”

“సార్, అడుగుతున్నానని ఏమనుకోకండి. ఆ రెండొందల పన్నెండులో ఏమేం ఉండేవి? కొత్తదాంట్లో మొదట అవే పెట్టిస్తాను.”

“జాబితా నేనే రాశాను, టికెట్ల కట్ట వెనకాల. నీళ్లు. అన్నం. టీ. మాత్ర. నొప్పి. ఎక్కువ నొప్పి. ఫ్యాను వెయ్యి. ఫ్యాను తియ్యి. తలుపు వెయ్యి. కావాలి. సరే. వస్తున్నా. ఎప్పుడొస్తారు. తిన్నారా. గొడుగు తీసుకెళ్లండి.”

“‘వద్దు’ ఉందా సార్?”

“ఏది వద్దు?”

“‘వద్దు’ అన్న మాటే. ‘కావాలి’ ఉంది, ‘సరే’ ఉంది...”

“అది... లేదు. తట్టలేదు. ఆవిడ ఎప్పుడూ ఏదీ వద్దన్న మనిషి కాదు.”

“అమ్మగారు మీ వంకే చూస్తున్నారు.”

“చూడనీ. ఇంకోటి మర్చిపోయా. ‘ఏవండీ’ ఉంది. అవి ఆరు.”

“ఆరా?”

“ఒక్క ‘ఏవండీ’తో ఏ కాపురం నడుస్తుందమ్మా! ఉత్త ‘ఏవండీ’ ఒకటి. వంటింట్లోంచి కేకేసేది ఒకటి. ఎవరైనా వచ్చినప్పుడు గొంతు తగ్గించి పిలిచేది. అనుమానంది. కోపంది. ఆరోది... ఆరోది ఆపరేషన్‌కి వెళ్లే రోజు పొద్దున. ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ‘ఏవండీ’ అంది. ‘ఆఁ’ అన్నాను. ‘ఏం లేదు’ అంది. అంతే. ఎందుకు పిలిచిందో ఇప్పటికీ తెలీదు.”

“అమ్మగారు ఏది ఎక్కువ నొక్కేవారు?”

“ఆవిడా? ఆవిడ... నొక్కేది. అన్నీ నొక్కేది.”

“సార్...”

“నేనే నొక్కుకునేవాణ్ణి. డ్యూటీకి పోతూ ఒకసారి. బస్సు ఆగినచోటల్లా ఒకసారి. ఇంటికొచ్చాక భోజనం దగ్గర పక్కన పెట్టుకుని. అది ‘ఏవండీ’ అంటే నేను ‘ఆఁ’ అనేవాణ్ణి. ‘తిన్నారా’ అంటే ‘తింటున్నానే’ అనేవాణ్ణి. అందులో తప్పేముంది?”

“ఫోన్ మీ దగ్గరే ఉండేదా మరి? ఆవిడకి మాట కావలసొస్తే?”

“మధ్యమధ్యలో ఇచ్చేవాణ్ణి. ఆవిడకి పలకుందిగా. ఏంటమ్మా అలా చూస్తావు? నా పెళ్లాం గొంతు నేను వినకూడదా? ఒక్క రోజైనా వినకుండా ఉండలేక...”

“నేనేమీ అనలేదు సార్. ఆరు కావడానికి పది నిమిషాలుంది. ఏదో ఒకటి చెప్పండి. పైన సంతకమైతే కొత్తది, కింద సంతకమైతే పాతది.”

“కింద. ఆ మెకానిక్ దగ్గరికే తీసుకెళ్తాను. నూటికి పది అంటే తక్కువేం కాదు. పెన్నివ్వు.”

“అమ్మగారు మీ చెయ్యి పట్టుకున్నారు సార్.”

“వదలవే. నీకేం తెలీదు. పది పాళ్లంటే ఇరవై మాటలు. ఇరవయ్యింట్లో ఒక్క ‘ఏవండీ’ ఉండదా?”

“పలక ఇటు తిప్పారు. నాకు చూపిస్తున్నారు. చదవనా సార్?”

“‘పాతది వదిలెయ్యండి’. చదివేదేముంది, నాకు కంఠతా వచ్చు.”

“అది కాదు సార్. ‘అందులో ఏమీ లేదు’ అని ఉంది.”

“లేకపోవడమేంటి? రెండొందల పన్నెండు. నా చేత్తో ఎక్కించాను.”

“తుడిచి మళ్లీ రాస్తున్నారు. ఆగండి సార్. ‘అది చెడిపోయిన రోజు పొద్దున, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, అన్నీ తీసేశాను. ఆయన వచ్చి నొక్కి చూసుకునేలోపు అదే ఆగిపోయింది.’”

“అన్నీ అంటే?”

“తలూపుతున్నారు సార్.”

“అన్నీ అంటే, ‘ఏవండీ’లు కూడానా? ఆరూనా? చెప్పమ్మా. తలూపిందా?”

“ఊపారు సార్.”

“ఆరోదీ?”

“ఆరోదీ.”

“మూడు వారాలు! మూడు వారాలు పిచ్చోడిలా ఊరంతా తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది! ఒక్క ముక్క చెప్పలేకపోయావా?”

“రోజూ రాశారన్నారు కదా సార్. పొద్దున లేస్తే ఇదే పాటని.”

“నేను... నేను జాలి అనుకున్నానమ్మా. ఎందుకే? నీ గొంతే అది! నీదే! ఎవరైనా తమ గొంతు తామే...”

“మళ్లీ రాస్తున్నారు.”

“నువ్వే చదువు. నాకు అక్షరాలు కనపడ్డం లేదు.”

“చిన్నగా రాశారు సార్, పలకంతా నిండింది. ‘బస్టాండు వాళ్లు నా గొంతు ఉంచుకుని నన్ను పంపేశారు. ఇంట్లో మీరూ అదే చేస్తున్నారు.’”