సినిమా హాలు ముందు కీర్తన

మళ్ళీ ఆ సినిమాయే, నెస్టా. ఇరవై ఆరేళ్ళ కిందట మనూరి హాలు ముందు వానలో నిలబడి వద్దు వద్దన్నామే, అదే. ఇప్పుడు దాన్ని మన చాపెల్లోనే వేస్తారట! కొత్త పాస్టరు అన్వెన్, పాతికేళ్ళ పిల్ల, నవ్వుకున్నంత మాత్రాన విశ్వాసం పోదు తాతగారూ అంది. పోదులే తల్లీ అన్నాను. వాదించే ఓపిక నాకిప్పుడు ఎక్కడిదీ?

నీ సమాధి అంచు మీద కాస్త కూర్చుంటాను, ఏమనుకోకు. మోకాళ్ళు నొప్పులు. పూలు కూడా తేలేదు. తిన్నగా మీటింగు నుంచే వస్తున్నా.

సంఘపెద్దలం మిగిలిందే ముగ్గురం కదా. ఇడ్వల్ ససేమిరా అన్నాడు. గ్లెనిస్ వేద్దామంది. ఇద్దరూ నా మొహం చూశారు. చూడరూ మరి? ఆ రోజు జనాన్ని కూడగట్టింది నేనే. ఇంతకీ ఏముందిట అందులో? దేవదూత చాపెల్లో దిగితే, ముందు కమిటీకి అర్జీ పెట్టుకోమంటారట సంఘపెద్దలు. నేను చూళ్ళేదు. చూడకుండానే ఒళ్ళు మండింది. నిజం చెప్పనా, దేవుణ్ణి అన్నందుక్కాదే. నన్నే అన్నట్టనిపించింది.

ఆ సాయంత్రం నువ్వు తలనొప్పని పడుకున్నావు. మేం పద్నాలుగు మందిమి గొడుగులేసుకుని మన వెల్ష్ భాషలో కీర్తన ఎత్తుకున్నాం. నువ్వు లేక, ఎప్పుడూ నువ్వు పాడే ఆడవాళ్ళ కింది స్థాయి గొంతు వెలితిగా ఉంది. ఇంతలో సినిమా అయింది. బయటికొచ్చే జనం తిడతారనుకున్నాం. తిట్టలేదు. మనూళ్ళో కీర్తన వినబడితే నోరు మూసుకుని పోయేవాళ్ళెవరు చెప్పు? టిక్కెట్టు ముక్కలు చేతిలో పట్టుకునే నిలబడి, ఎవరి గొంతు వాళ్ళు అందుకున్నారు. అడ్డుకోడానికొచ్చింది ఎవరో, సినిమాకొచ్చింది ఎవరో తెలీకుండా పోయింది.

రెండో చరణంలో, ఆ గుంపు వెనక నుంచి, కింది గొంతు నిండింది.

నేను తిరిగి చూళ్ళేదు. చూడక్కర్లేదు కదా. పాతికేళ్ళుగా ఆదివారం ఆదివారం విన్న గొంతాయె.

ఇంటికొస్తే పక్క మీదే ఉన్నావు. తలనొప్పి తగ్గిందా అన్నాను. తగ్గిందండీ అన్నావు. తలుపు వెనక నీ కోటు నీళ్ళు కారుతోంది. దీపం ఆర్పేసి నేనూ పడుకున్నాను.

కోపం వారంలో పోయింది. పోనిది ఇంకోటుంది. ఆ నెలంతా వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ నీలో నువ్వే నవ్వుకునేదానివి. భుజాలు కదిలేవి. నేను గుమ్మంలోకి రాగానే ఆపేసేదానివి. ఏంటే అంటే, ఏం లేదండీ అనేదానివి. నాకు చెప్పడానికి అంత భయమేమిటే? ఒక్కసారి చెబితే... ఏమో, కేకలేసేవాణ్ణేమో. వేసేవాణ్ణేలే.

అందుకే ఇవాళ చెయ్యెత్తాను. వెయ్యండి అన్నాను. ఇడ్వల్ నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ పాస్టరు పిల్లేమో నా మనసు మారిందనుకుని, ఈ వయసులో ఎంత పెద్ద మనసండీ అని తెగ మెచ్చుకుంది. ఎవరనుకునేది వాళ్ళనుకోనీ. శుక్రవారం సినిమాకి వెళ్ళి అందరితోపాటు కూర్చుంటాను. ఆ రోజు హాల్లో నువ్వెక్కడ నవ్వావో కనిపెట్టాలి నెస్టా. ఇన్నేళ్ళు కాపురం చేశాను, అయినా కనిపెట్టలేనేమోనని భయంగా ఉంది.